నాన్న ఎందుకు చెప్పలేదు?

పక్క గదిలో నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా, నాన్న మూడు గంటలు 'డిజిటల్ అరెస్ట్' అయి ఫోను ముందు కూర్చున్నాడు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 'మన్ కీ బాత్'లో ప్రధానే చెప్పారు. నాన్న విన్నాడు కూడా. అయినా తెరమీద ఖాకీ కనబడగానే లేచి చొక్కా వేసుకున్నాడట. కరెంటు పోయి వైఫై ఆగింది కాబట్టి డబ్బు దక్కింది.

"ఎవరికీ చెప్పొద్దు" అన్నది వాళ్ల మొదటి షరతు. దానికోసం వాళ్లు పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. అంతకుముందు ఓటీపీ చెప్పేసి నాలుగు వేలు పోగొట్టుకున్నప్పుడు, "చదువుకున్నవాడివేనా?" అని అరిచింది నేనే. పాస్‌వర్డులు మార్చాను, 1930 నంబరు ఫ్రిజ్‌కి అంటించాను. ఆ నంబరుకి వెంటనే చేస్తేనే డబ్బు ఆగే వీలు. తిడతారని భయపడే మనిషి వెంటనే ఎలా చెబుతాడు?

మొన్న ఏదో లింక్ వస్తే ఫోను తెచ్చి, "తిట్టవుగా?" అన్నాడు.