నిప్పు ఎవరిది, గడ్డి ఎవరిది?

జన్వాడ దాటాక మాకు ఎకరం భూమి ఉంది. చుట్టూ కంచె, గేటు, గేటుకు తాళం. లోపల సేద్యం లేదు. వానలకు మోకాలెత్తు పెరిగిన గడ్డి సంక్రాంతి దాటేసరికి పసుపుబారుతుంది. శివరాత్రి నాటికి పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది.

రెండేళ్ల కిందట ఫాల్గుణంలో, కాముని పున్నమి వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం, పక్క చేను పెద్దమ్మ పత్తి కట్టె కాలబెట్టింది. ఏటా చేసే పనే. కట్టె చేలోనే ఉంటే గులాబీరంగు పురుగు మళ్లీ పంటకు పడుతుంది. కట్టెను ముక్కలు చేసి భూమిలో కలపమంటారు వ్యవసాయాధికారులు. ఆ యంత్రం కిరాయి పెద్దమ్మకు అందేది కాదు. ఆ రోజు గాలి మళ్లింది. మంట కంచె కిందుగా మా గడ్డిలో దూరి, ఎకరం పొడుగునా పరుగెత్తి, అవతలి రైతు గడ్డివామునూ డ్రిప్పు పైపులనూ కాల్చేసింది.

పెద్దమనుషులు కూర్చుని నష్టమంతా పెద్దమ్మే కట్టాలన్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. పైగా, కాలిపోయిన నా నాలుగు మామిడి మొక్కలను చూసి "అయ్యో మేడం" అన్నారు. ఆ జాలిని నేను మారుమాట్లాడకుండా తీసుకున్నాను. ఈ వ్యాసం రాయిస్తున్నది ఆ మౌనమే.

మంటకు మూడు కావాలి: రవ్వ, గాలి, కాలే వస్తువు. గాలిని ఎవరూ నిలదీయలేరు. మిగిలిన రెండింటిలో మనం రవ్వ గురించే ఎందుకు అడుగుతాం? రవ్వ వెనక ఒక చెయ్యి కనిపిస్తుంది కాబట్టి. ఎండుగడ్డి వెనక ఉన్నది పట్టాదారు పాసుపుస్తకం. ఆ పుస్తకం యజమాని ఆ మధ్యాహ్నం నగరంలో ఫ్యాను కింద ఉంటుంది.

తర్వాతి వారం పెద్దమ్మ నాతో ఒక్క మాటే అంది. "నీ గడ్డి కోసుకుంటనంటే గేటుకు తాళమేస్తివి బిడ్డా. గాలికి తాళమేస్తివా?"

కంచె పడకముందు ఆ గడ్డి ఎండేదాకా నిలిచేది కాదు. కొడవళ్లతో వచ్చిన ఆడవాళ్లు బర్రెలకు కోసుకుపోయేవాళ్లు, మిగిలింది మేకలు మేసేవి. కూలి లెక్కలోకి ఎక్కని ఆ పనే ఎండాకాలపు మంటకు అడ్డుకట్ట. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు 1996లో వచ్చిన 111 జీ.ఓ. ఇక్కడి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 69 జీ.ఓ. ఇచ్చింది. ఇళ్లు రాకపోయినా కంచెలు వచ్చాయి. ధర పెరిగేదాకా ఎదురుచూసే భూమిలో పెరిగేది గడ్డే. మేమూ అలా ఎదురుచూస్తున్నవాళ్లమే.

అడవిలోనూ ఇదే తీరు. చెట్టు కింద రాలిన ఇప్పపువ్వు కనిపించాలని ఆకులు కాల్చే ఆదివాసీ స్త్రీ మీదికీ, తునికాకు కోసేవాళ్ల మీదికీ ముందుగా వేలు లేస్తుంది. అయితే అటవీ శాఖ వేసవికి ముందే గడ్డి చెక్కించి ఫైర్ లైన్లు వేయిస్తుంది. అంటే రవ్వను పూర్తిగా ఆపలేమని దానికి తెలుసు. కాలేదాన్ని తగ్గించడం తన పని అని ఒప్పుకుంటుంది. కంచె వేసుకున్న మేం మాత్రం ఒప్పుకోం.

బెర్నార్డ్ విలియమ్స్ 1976లో నైతిక అదృష్టం గురించి రాస్తూ ఒక లారీ డ్రైవరును ఊహించాడు. తప్పేమీ లేకుండానే అతని బండి కింద పిల్ల పడుతుంది. చూసినవాళ్ల బాధ వేరు, అతని బాధ వేరు అంటాడు విలియమ్స్. పెద్దమ్మ బాధ అలాంటిది. "నా చేతి నిప్పే" అని ఆ రైతు వాకిట్లో కూర్చుంది, తన వాములోంచి గడ్డి మోసింది. ఆమెను అమాయకురాలిని చేసి మాట్లాడితే ఆ బాధను అవమానించినట్టే. నన్ను కలవరపెట్టేది వేరే. గడ్డిని పెంచి, ఎండనిచ్చి, తాళమేసిన నాకు అలాంటి బాధ ఏదీ కలగలేదు. ఇద్దరం ఆడవాళ్లమే. పశ్చాత్తాపం మాత్రం భూమి లేనివైపే, లేదా కాస్త భూమి ఉన్నవైపే వాలింది.

మన్మథుణ్ణి పంపింది దేవతలు, కాల్చింది శివుడు, ఏడ్చింది రతి. కాముని పున్నమి నాడు ఏటా ఆ మంట వేస్తాం. పంపినవాళ్ల సంగతి ఎత్తం.

ఐరిస్ మారియన్ యంగ్ మరణించాక 2011లో వెలువడిన పుస్తకంలో ఒక తేడా చెప్పింది. నేరం ఎవరిదని వెనక్కి చూడటం ఒకటి. ఈ అన్యాయం పుట్టే ఏర్పాటులో నా పాత్ర ఏమిటి, ఇక ముందు ఏం చెయ్యాలి అని అడగడం మరొకటి. నేను రెండో ప్రశ్నకు వెళ్లాలంటే మొదటిదాన్ని దాటవేయకూడదనిపించింది. దాటవేస్తే "అందరి బాధ్యత" అన్న మాట నాకు మరో కంచె అవుతుంది.

నష్టంలో సగం నేను కట్టాను. పెద్దమ్మ కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఇప్పుడు గేటుకు తాళం లేదు. పుష్యంలోనే ఆమె, మరో ఇద్దరు వచ్చి గడ్డి కోసుకుపోతున్నారు. "మంచి సాయం చేశావు" అంది నా స్నేహితురాలు. సాయం కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం అయితే నా ఇష్టం వచ్చినప్పుడు మానేయొచ్చు. ఇది మానేయడానికి వీల్లేనిది.

ఈ ఫాల్గుణంలోనూ పెద్దమ్మ పత్తి కట్టె కాలబెట్టింది. ఈసారి నేనూ గట్టు మీద నీళ్ల బిందెతో నిలబడ్డాను.