గేట్లు ఎత్తే వేళ

ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్తుంటే ఒకసారి కిందికి చూడండి. వరదొస్తే ఆ గేట్లు కృష్ణమ్మను ఆపవు. దారి ఇస్తాయి. మిగతా రోజుల్లో నీళ్లు బందరు కాలువకీ, ఏలూరు కాలువకీ మళ్లుతాయి.

ఆందోళనా అంతే. ఆపుదామంటే ఆగదు. దారి ఇవ్వాలి. పిల్లాడి ఫీజు, అమ్మ బీపీ, ఆఫీసు పని. అన్నీ ఒక్కసారే మీదపడితే ఏదీ సాగదు. గ్యాసు బిల్లు వెనకైనా సరే, వాటిని రాసేయండి. వాటిలో ఒక్కదాన్ని పట్టుకోండి. ఫోను? పక్క గదిలో పెట్టండి. మనసు మళ్లీ పక్కకి పోతుంది. తిట్టుకోకండి, మళ్లించండి.

వారాల తరబడి నిద్రపట్టకపోయినా, చదువూ పనీ దెబ్బతింటున్నా డాక్టరుకి చూపించుకోండి. అది బద్ధకం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు 14416. మళ్లీ చెబుతున్నా, 14416.