ఎవరూ లేని అడవి ఉంటదా?

 

ఉపాసక ఉపాసికలారా, ఈసారి ఒక ఫోటో గురించి మాట్లాడుకుందాం. ఆ ఫోటోనే మీరు చూసి ఉండకపోవచ్చు గానీ అసువంటివి క్యాలెండర్ల మీద, కటింగ్ షాపు గోడల మీద చాలానే చూసి ఉంటారు. ఎత్తయిన రాతికొండ, కింద పచ్చిక, మధ్యలో అద్దంలాంటి నీళ్ళు. మనిషన్నవాడు కనబడడు. చూడగానే "ఎంత ప్రశాంతంగా ఉందో" అనిపిస్తది.

ఇలాంటి ఫోటోలు మొదట తీసినవాళ్ళలో ఒకడు కార్ల్‌టన్ వాట్కిన్స్. 1861లో అమెరికా పడమటి కొసన, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు కంచర గాడిదల మీద సామాను వేసుకొని పోయాడు. అందులో 18 ఇంచుల వెడల్పు, 22 ఇంచుల పొడవు ఉన్న గాజుపలకలున్నాయి. అప్పట్లో ఫిల్ము లేదు. అక్కడే డేరాలో చీకటి చేసుకొని, పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి కడగాలి. కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. అందుకే కదిలేదేదీ అందులో నిలవదు. పారే నీళ్ళు పొగమంచులాగా వస్తాయి, నడిచిపోయే మనిషి అసలే పడడు. ఆ ఫోటోలను 1862లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1864లో, అంతర్యుద్ధం నడుస్తుండగానే, అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల విహారం కోసం కాపాడే చట్టం మీద సంతకం చేశాడు. మంచి పనే కదా అంటారు. లోయను ఎవరూ అమ్ముకోకుండా ఆపిన మేరకు మంచి పనే.

కానీ వాట్కిన్స్ పోవడానికి పదేండ్ల ముందు, 1851లో, ఆ లోయలోకి తుపాకులతో ఒక దళం పోయింది. తరతరాలుగా అక్కడున్న అహ్వానీచీ ఆదివాసుల గుడిసెలు కాల్చింది, వాళ్ళు దాచుకున్న తిండి కుప్పలకూ నిప్పు పెట్టింది. మనం చూసి మురిసిపోయే ఆ పచ్చిక కూడా వాళ్ళ చేతిపనే. చిన్న చిన్న మంటలు పెట్టి పొదలు కమ్ముకోకుండా ఉంచేవాళ్ళు. ఫోటో చూసినవాడు మాత్రం అది దేవుడు వేసిన తోట అనుకున్నాడు. (మనకిది కొత్తేం కాదు. మన తాతలు తట్టలు మోసి కట్టిన చెరువుకు రాజుగారి పేరే గదా ఉండేది.)

మరి వాట్కిన్స్ అబద్ధమాడిండా?

పంచశీలలో నాలుగోది ముసావాదా వేరమణి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అబద్ధమాడనన్నది ఉంది. అట్ఠకథల ప్రకారం అబద్ధం పూర్తి కావాలంటే విషయం నిజం కానిదై ఉండాలి, మోసగించే ఉద్దేశం ఉండాలి, ఆ ప్రయత్నం జరగాలి, ఎదుటివాడికి అది చేరాలి. ఈ కొలతతో చూడండి. కొండ నిజం, నీళ్ళు నిజం. ఎవరినో మోసం చేద్దామని అంత బరువు గాజు కొండలెక్కి మోసుకుపోతారా? నా లెక్కన అక్కడ శీలం తప్పలేదు. అయినా ఒక జాతి జాతే బొమ్మలోంచి పోయింది. మరి తప్పెక్కడ జరిగింది?

మజ్ఝిమ నికాయంలో చూళసుఞ్ఞత సుత్తం ఉంది. సావత్థిలో, మిగారమాత కట్టించిన మేడలో భగవానుడు ఆనందుడితో చెప్పిన మాటలవి. ఈ మేడలో ఏనుగులు, ఆవులు, గుర్రాలు లేవు, వెండి బంగారాలు లేవు, వాటి మటుకు ఇది ఖాళీ. కానీ భిక్షుసంఘం ఉంది, దాని మటుకు ఖాళీ కాదు. అట్లనే భిక్షువు ఊరి తలంపును, మనుషుల తలంపును వదిలి, అడవి అనే ఒక్క తలంపు మీద మనసు నిలపాలని చెప్తాడు.

"బుద్ధుడే మనుషుల్ని పక్కకు పెట్టి అడవిని చూడమన్నడు, ఫోటో తీసినాయన చేసింది గూడ అదే గదా" అని మీలో ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. భిక్షువు ఖాళీ చేసేది తన మనసును, ఊరిని కాదు. రేపు పొద్దున పాత్ర పట్టుకొని ఆయన పోవాల్సింది ఆ ఊరికే. లేనిదాన్ని లేదని చూడాలి, మిగిలినదాన్ని ఉందని తెలుసుకోవాలి అని ఆ సుత్తం మళ్ళీ మళ్ళీ అంటుంది. ఫోటో చూసినవాడు రెండో సగాన్ని మరిచిపోతాడు. చట్రంలో లేరు గనుక లోకంలోనే లేరంటాడు. తప్పు జరిగింది అక్కడ. ఆ తప్పు చూపు మీదనే తర్వాత కంచెలు లేస్తాయి.

మన తావుకు వద్దాం. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరిగే చోట నిలబడి ఫోన్ ఎత్తండి. నీళ్ళు, ఇసుక, అవతలి చెట్లు. వలలు ఆరేసుకునేవాళ్ళు లేని క్షణం చూసి నొక్కితే అచ్చం వాట్కిన్స్ ఫోటోనే వస్తది. నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గొప్ప పనిమంతుడు. 1902లో వరంగల్ వైపు నెక్కొండలో వేటాడిన పులితో వైస్రాయి కర్జన్ దంపతులు నిలబడిన ఫోటో ఉంది. ఫోటో కింద దొర పేరుంటది. అట్లాంటి వేటల్లో డప్పులు కొట్టి పులిని తుపాకీ ముందుకు తోలేవాళ్ళ పేర్లు రాసే అలవాటే లేదు.

సర్కారు అడవిని రిజర్వు చేసి గోండుల్ని వెళ్ళగొట్టింది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన మార్లవాయిలో ఉండి గోండుల ఇండ్లు, పండుగలు, ముఖాలు ఫోటోలు తీశాడు. ఆయనా నిజాం సర్కారుకే పని చేశాడు, ఆ సంగతి మరవొద్దు. అయినా ఆయన బొమ్మల్లో అడవి ఖాళీగా లేదు.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. చెన్నూరు చుట్టుపక్కల అడవి అంచున దున్నుకునేవాళ్ళలో గోండులు, కోలాములే కాదు, మన మాల, మాదిగ, నేతకాని కుటుంబాలూ ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసేతరులకు ఒక షరతు పెట్టింది. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా, అక్కడ బతికినట్లు చూపాలి. అంటే 1930 నాటి రుజువు. 1930లో మన తాతను ఫోటో ఎవరు తీశారు? కాగితం ఎవరు రాసిచ్చారు? ఇప్పుడు ఉపగ్రహం ఫోటోను కూడా సాక్ష్యంగా పెడతారు. పైనుంచి చెట్టు కనబడతది, చెట్టు కిందున్న గుడిసె కనబడదు. పులులు బతకొద్దని, ప్రాణహిత అభయారణ్యం వద్దని కాదు నేననేది. కనబడనిదాన్ని లేదనొద్దనే నా మాట.

అదే చట్టం నిబంధనల్లో పాత బావులు, సమాధులు, చేను గట్లు, ఊరి పెద్దమనుషులు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని ఉంది. ఎనభై దాటిన అవ్వ ఉంటే, ఏ బావి ఎవరు తవ్వారో, ఎవరిని ఎక్కడ పూడ్చారో ఆమె చెప్పంగ రాసుకోవాలి. ఈ పనికి కెమెరా అవసరం లేదు, కూర్చోని వినే ఓపిక కావాలి.

మనమూ చట్రం బయట మనుషుల్ని నిలబెడుతూనే ఉన్నం. ధూళికట్ట స్తూపం దగ్గరికి పోయినప్పుడు గొర్లకాపరిని "జర పక్కకు జరుగు కాకా" అని మరీ ఫోటో తీసుకుంటం. బుద్ధ పూర్ణిమ ఫోటోల్లో వేదిక మీది పెద్దలంతా ఉంటరు, పొద్దున నాలుగింటికి లేచి వంట చేసిన అక్కలు ఉండరు. ఇంట్లో పాత ఫోటోలు తీయండి. వెనక పేర్లు రాసి ఉన్నయా చూడండి. లేకుంటే, చెప్పగలిగినవాళ్ళు బతికి ఉండంగనే అడిగి రాయండి. ఆ దినం అక్కడ ఉండి కూడా ఫోటోలో పడనివాళ్ళ పేర్లను కూడా.