చూపును పంచువారు

గింజలు కొలిచి పంచువానికి ధర్మ మొకటి కలదని యెల్లర మెఱుగుదుము. తనవారికి కుంచము పొంగునట్లును, పరులకు వెలితిగాను కొలిచినచో నది యన్యాయమని పసిబాలుడైనను చెప్పగలడు. చూపును పంచువానికి సయితము అట్టి ధర్మ మున్నదా? చూపు ఎవరిది వారిదే కదా, దానిని పంచుట యెట్లని చదువరులు శంకింపవచ్చును. ఒక గ్రహమంతటికిని మిక్కిలి నిశితమైన కన్ను ఒక్కటియే యుండి, అది యే క్షణమున నెటు చూడవలెనో నిర్ణయించు భారము కొందఱిపై బడినప్పుడు, ఈ ప్రశ్న వట్టి మాటల పోగు కాదని తేటపడును.

2005వ సంవత్సరమున భూమిని విడిచి 2006 మార్చిలో అంగారక గ్రహమును జేరిన మార్స్ రికనయిసెన్స్ ఆర్బిటర్ అను నౌకలో హైరైజ్ అను కెమేరా యమర్పబడి యున్నది. అర మీటరు వెడల్పుగల దర్పణముతో, సుమారు 300 కిలోమీటర్ల యెత్తునుండి, భోజనపు బల్లయంత వస్తువును నేలపై గుర్తింపగల శక్తి దానికి గలదు. కాని యంత సూక్ష్మముగ జూచు కన్నునకు వెడల్పు తక్కువ. ఒక్కొక్క చిత్రము సుమారు 6 కిలోమీటర్ల వెడల్పుగల పట్టీ మాత్రమే. ఇన్నియేండ్ల శ్రమకును ఆ గ్రహతలమున నూటికి కొన్ని పాళ్లే దాని చూపునకు వచ్చినవి.

ఈ కెమేరాను నడపువారు అమెరికాలోని టూసన్ పట్టణమున, అరిజోనా విశ్వవిద్యాలయమున నున్నారు. వారు దానిని చేతబట్టి త్రిప్పువారు కారు. ఆజ్ఞ యచటికి చేరుటకే, గ్రహముల దూరమునుబట్టి, 3 మొదలు 22 నిమిషములు పట్టును. కావున రెండేసి వారముల పనిని ముందుగనే కూర్చుకొనవలెను. నౌక యొక ప్రక్కకు ఒరిగినగాని కొన్ని చోట్లు కనబడవు. ఒరిగినచో నదే నౌకలోని యితర పరికరముల పని చెడవచ్చును. అందుచే బేరములు, ఒప్పుదలలు. భూమికి బంపగల చిత్రములకును మితము కలదు. ఇన్నిటి నడుమ, అడిగినవారిలో కొందఱికి 'సరే' యనియు, పెక్కండ్రకు 'తరువాత' అనియు చెప్పుటయే వారి నిత్యకృత్యము. ఆ 'తరువాత' కొఱకు గ్రహము వేచియుండదు. ఋతువు మాఱును, మంచు పోవును, వెలుతురు వాలును.

అడుగువారెవరు? ముందు నచట దిగబోవు యంత్రమునకు రాళ్లులేని చోటు వెదకువారు. వారి కోరికను త్రోసివేసినచో కోట్ల ధనమును, ఏండ్ల శ్రమయు నేలపాలగును. ఇసుకతిన్నెల కదలికను ఏటేట కనిపెట్టువారు. ఒక్క యేడు తప్పిన వారి లెక్క తెగును. 2010 నుండి సామాన్యులును తమకు నచ్చిన చోటును సూచింపవచ్చునని ద్వారము తెఱచిరి.

ఉపయోగ మధికమైన దానికే ముందు చూపు నీయవలెనని కొందఱందురు. వినుటకు బాగుగనే యున్నది. అయితే ఉపయోగ మెచటనున్నదో ముందుగా నెవరెఱుగుదురు? గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు వసంతమున నెట్లు మాఱునో చూడవలెనని, 2008 ఫిబ్రవరి 19న ఉత్తరధ్రువ ప్రాంతమున 700 మీటర్లకు మించి నిట్టనిలువుగ నున్న కొండచఱియను చిత్రించిరి. ఆ చిత్రములో మంచును, ధూళియు చఱియనుండి కూలిపడి మేఘమువలె లేచుచున్న దృశ్యము దొరకినది. దానిని మొదట గనిపెట్టినది కెమేరాకు గురి కుదుర్చు పనిలోనున్న యొక యుద్యోగిని. పండితు లడిగినది వేఱు, వచ్చినది వేఱు. ఇట్టివారి పేర్లు లోకము నోట నెన్నడు నానునో కాని, యా మాట యటుండనిండు.

నా యభిప్రాయమున, ఈ పంపకములో గొంత భాగము ప్రయోజనము చూపలేనివారి కోరికకు మిగుల్చుట దయ కాదు, బాకీ. బ్రిటనువారి బీగిల్ 2 అను చిన్న యంత్రము 2003 డిసెంబరు 25న అంగారకునిపై దిగవలసి యుండెను. దిగిన వార్త రాలేదు. ఆ యత్నమునకు నాయకుడు ఆచార్య కాలిన్ పిలింజర్. విచారణసంఘ మొకటి యా పనియొక్క నిర్వహణమును తప్పుపట్టినది. యంత్రము నేలకు గొట్టుకొని తునాతునకలైనదో, మఱేమైనదో తెలియరాలేదు. చచ్చిన యంత్రమును వెదకుటవలన శాస్త్రమునకు లాభమేమని యడుగవచ్చును. అయినను, ఐరోపావారి మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకను నడపు వర్గములో నొకప్పుడు పనిచేసిన యొకడు, సామాన్యులకై తెఱచిన యా ద్వారముననే వచ్చి చిత్రము నర్థించెను. అతని కోరిక త్రోసివేయబడలేదు. 2013 ఫిబ్రవరి 28న నొకటియు, 2014 జూను 29న నొకటియు తీయబడినవి.

చూపు నిచ్చినంతమాత్రమున బాకీ తీరదు. వచ్చినదానిని ఓపికతో చదువువాడు కావలెను. బీగిల్ విప్పుకొన్నను రెండు మీటర్లకు లోబడినదే. చిత్రములో కొన్ని చుక్కలు మాత్రమే. ఆ చుక్కలను మరల మరల పోల్చి చూచిన పిమ్మట, 2015 జనవరి 16న లోకమునకు సంగతి వెల్లడియైనది. బీగిల్ పగులలేదు. నేలకు జేరి, ఱెక్కలు విప్పనారంభించినది. అన్నియు విప్పుకొనకపోవుటచే, వాని చాటున నుండిన ప్రసారసాధనము మూగవోయినది.

విచారణసంఘపు విమర్శ యంతయు దీనితో కొట్టివేయబడిన దనుట న్యాయము కాదు. అయినను, యంత్రమును నేలగొట్టినవాడని పేరు నిలుచుట వేఱు. కఠినమైన పని నెఱవేర్చి కడపటి మెట్టున నాగినవాడని పేరు నిలుచుట వేఱు. ఆ భేదమునకు శాస్త్రపు త్రాసులో బరువు లేకపోవచ్చును. ఆయన యింటివారికి, ఆయనతో రాత్రింబవళ్లు పనిచేసినవారికి దానికంటె బరువైనది లేదు.

పిలింజర్ 2014 మే 7న మరణించెను. మొదటి చిత్రము ఆయన బ్రదికియుండగనే తీయబడినది, కాని యందలి చుక్కలేమో యప్పటికి లోకమునకు దెలియదు. రెండవది తీయునాటికి ఆయన పోయి యేడు వారములు దాటినది.