గుడారములవారి బిడ్డలు

పఠన భాగము: హెబ్రీ. 11:9, 16

అబ్రాహాము గుడారములలో కాపురముండెను. అట్టివారి పేరు తన పేరుతో కలిపి పలుకబడుట దేవునికి నామోషీ కాలేదు.

మన ఎరుకలవారును ఒకప్పుడు ఊరూర తిరిగి ఉప్పు, ధాన్యము అమ్మినవారే. 1911లో మదరాసు రాజధానికి వచ్చిన నేరస్థ జాతుల చట్టము వారి పుట్టుకనే నేరముగా ఎంచెను. స్టువార్టుపురము సెటిల్‌మెంటులో వారిని కాపలా కాచినది సాల్వేషన్ ఆర్మీ, అనగా క్రైస్తవులే. 1952లో చట్టము రద్దయినది; అనుమానము రద్దు కాలేదు.

నేడు వారి బిడ్డలు విశాఖపట్నము వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువవచ్చును. షెడ్యూలు తెగలకు రిజర్వేషను కలదు. మంచిదే. కాని హాస్టలులో ఎవని గడియారమైనను పోయినయెడల, మొదట ఎవరి పెట్టె వెదకుదురు? ఆ భయముచేత బిడ్డ తన తెగ పేరు దాచుకొనినయెడల, దొరకినది సీటే గాని చోటు కాదు.

“అందరిని సమానముగా చూచుచున్నాము, చాలదా?” అని కొందరందురు. చాలదని మేమందుము. పేరు దాచుకొనినవానికి చేసిన మర్యాద వానికి చెందదు, వాని ముసుగునకే చెందును.

కాబట్టి, ప్రియులారా, బుట్టలల్లు తల్లి కుమార్తె పట్టా పొందిన నాడు, వారికిష్టమైనయెడల, ఆ తల్లి పేరును తెగ పేరును ఆరాధనలో బిగ్గరగా చెప్పి స్తోత్రము చెల్లింతము. దేవుడు సిగ్గుపడని గుడారమును చూచి మనమేల సిగ్గుపడవలెను?