తెలుగు తీసుకున్న పిల్ల తల్లికి

అమ్మడూ,

మొన్న ఫోనులో నీ గొంతు విన్నాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. మనవరాలు ఇంటర్లో ఎంపీసీతో పాటు సెకండ్ లాంగ్వేజీగా తెలుగే కావాలని పట్టుబట్టిందట. సంస్కృతం ఇప్పిస్తే నూటికి తొంభై తొమ్మిది వచ్చి పడతాయని అల్లుడుగారి బాధ. ఆయన లెక్క తప్పేం కాదు. సంస్కృతం పేపరులో కొన్ని జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చు. అందుకే అప్పటిదాకా దేవనాగరి ముఖం చూడని పిల్లలు కూడా హాయిగా గట్టెక్కుతారు. సంస్కృతంతో నాకేం పేచీ లేదు, నన్నయ పద్యంలో సగం అదే. కానీ జేఈఈ మెయిన్ ర్యాంకు లెక్కలోకి ఇంటర్ మార్కులు రావు, ఎన్ఐటీలో చేరడానికి మొత్తం మీద 75 శాతం ఉంటే చాలు. పిల్ల తనంతట తాను ఒక సబ్జెక్టు కావాలని అడగడం ఈ రోజుల్లో ఎంత అరుదో నీకూ తెలుసు. ఇక ఆ వాదన కట్టిపెట్టండి.

నాకు గుచ్చుకున్నది నువ్వన్న ఇంకో మాట. "తెలుగేగా మావయ్యా, దానికి ఎవరి సాయం ఎందుకు?" అన్నావు. లెక్కలకు ట్యూషన్, ఫిజిక్స్‌కు డౌట్ల క్లాసు, తెలుగుకు మాత్రం పరీక్ష ముందు రాత్రి గైడు. మనం కూర అడిగే తెలుగుకీ నన్నయ తెలుగుకీ మధ్య దాదాపు వెయ్యేళ్లున్నాయి తల్లీ. ఆ పద్యాన్ని విడగొట్టాలి, అన్వయం కుదుర్చుకోవాలి, అప్పుడుగానీ అర్థం చేతికి రాదు. అదంతా పదహారేళ్ల పిల్ల ఒక్కతే చేసుకోవాలనడం న్యాయం కాదు.

నీకు ఛందస్సు రాకపోయినా ఫరవాలేదు, ఆమెను నీకు నేర్పమను. లెక్కలంటే ఇష్టమున్న పిల్ల కాబట్టి ఒక తమాషా చూపించు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. మొదటి రెండు లఘువులనూ తీసేసి వాటి చోట ఒక్క గురువు పెడితే సరిగ్గా ఉత్పలమాల అవుతుంది, 20 అక్షరాలు. పదకొండో అక్షరం దగ్గర ఉండే యతి కూడా పదికి జరుగుతుంది. మత్తేభానికి అదే పని చేస్తే శార్దూలం వస్తుంది. నా తెలుగు క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా వేళ్లు మడిచి లెక్క పెట్టేవారు. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ అని బట్టీ పట్టించేది ఆ తర్వాతే. మా మాస్టర్లు చాలామంది బట్టీతో మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తారనుకో.

గైడు కొనొద్దని అనను, పరీక్షలకు కావలసిందే. పాఠం ఒకసారి తానుగా చదివేదాకా మాత్రం దాన్ని బీరువాలో పెట్టు. తెలియని మాటలకు ఆంధ్రభారతి వెబ్‌సైటు ఉంది. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకేచోట, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.

సిలబస్ పుస్తకంతో ఆగిపోనివ్వకు. ఇంట్లో కన్యాశుల్కం మొదలుపెట్టండి. 1897లో అచ్చయినది కాదు, గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు తెప్పించు. నాటకం కదా, పాత్రలు పంచుకుని పైకి చదవండి. మీ అత్తగారిది విజయనగరమే. ఆవిడ చేత మధురవాణి మాటలు చదివిస్తే మీ అందరికీ పొట్ట చెక్కలవుతుంది. పిల్ల బామ్మ యాసకు ఇన్నాళ్లూ కాస్త సిగ్గుపడుతోందని నేను గమనించాను. ఆ యాస పుస్తకాల్లో ఎంత దర్జాగా కూర్చుందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత నామిని కథలు చేతికివ్వు, అది చిత్తూరు పలుకు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తెలంగాణది. కోఠీ వైపు వెళ్లినప్పుడు సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చూపించు. 1901 నుంచీ ఉన్న గ్రంథాలయం అది.

చదివాక "ఎంత గుర్తుంది?" అని అడగొద్దు. "గిరీశం మీద నీకు కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా?" అని అడుగు. ఆమె చెప్పేది నీకు నచ్చకపోతే గట్టిగా వాదించు. పాఠ్యపుస్తకంలో కథ చదివే పిల్లలకు దొరకనిది అలా వాదించే మనిషే. సారాంశం రాయించేవాళ్లకు కొదవ లేదు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందని మాత్రం ఆశ పెట్టకు. సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా ఉంది, 500 మార్కులు. దాన్నే తీసుకుని రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు కొట్టాడు. అల్లుడుగారి మనశ్శాంతికి ఈ సంగతి ఆయన చెవిన వెయ్యి. పిల్ల ముందు వద్దు. చదవబోయే ప్రతి పేజీ మీదా మనం ధర చీటీ అంటించినట్టవుతుంది.

చివరిగా, ర్యాంకుల కాలేజీల్లో సిలబస్ వెనకబడితే ముందు కోత పడేది తెలుగు పీరియడ్‌కే. అందులో లెక్కల రివిజన్ పెట్టేస్తారు. తెలుగు లెక్చరర్ నోరు మెదపలేడు, ఆయన తరఫున అడిగే తల్లిదండ్రులు ఉండరు కాబట్టి. ఈసారి పేరెంట్స్ మీటింగులో ఆయన్ను వెతుక్కుని పలకరించు. తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ఈ నెల ఎన్ని తెలుగు పీరియడ్లు జరిగాయో అడుగు. అల్లుడుగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లు.

నీ మావయ్య