బతికినవాళ్ల లెక్క

2010 నాటికి భారతదేశంలో హెచ్‌ఐవీ సోకినవారు రెండు నుంచి రెండున్నర కోట్ల మంది ఉంటారని 2002లో అమెరికా జాతీయ నిఘా మండలి జోస్యం చెప్పింది. 2010 రానే వచ్చింది. దేశంలో ఉన్నది పాతిక లక్షలకు అటూఇటూ.

జోస్యం ఎందుకు తప్పింది? కొంత మనుషుల కష్టం వల్ల, కొంత కొలతలోని లోపం వల్ల. గర్భిణులు, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చినవారి రక్తపరీక్షలను బట్టే అప్పట్లో జనాభా అంతటికీ లెక్క కట్టేవారు. గుంటూరు జిల్లాలో ప్రజారోగ్య పరిశోధకుడు లలిత్ దండోనా బృందం జనం మధ్యకే వెళ్లి నమూనాలు సేకరించింది. తేలిన సంఖ్య పాత పద్ధతి చెప్పినదాంట్లో సగం కూడా లేదు. 2007లో దేశం అంచనా సైతం 57 లక్షల నుంచి 25 లక్షలకు దిగింది. ఆ రోజు ఏ ఒక్కరికీ జబ్బు నయం కాలేదు, అంకె మారిందంతే.

ఇక మనుషుల కష్టం సంగతి. బైబిల్లో యోనా ప్రవక్త కథ ఆ గుంటూరు పల్లెల్లో చర్చికి వెళ్లే పిల్లలకూ తెలుసు. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని ఆయన ప్రకటించాడు. జనం మారారు, దేవుడు కనికరించాడు, పట్టణం నిలిచింది. తన మాట వమ్మయిందని ప్రవక్తకు కోపమొచ్చింది. అంటువ్యాధి గురించి ముందే చెప్పేవారి స్థితీ అదే. జనం విని జాగ్రత్తపడితే చెప్పింది అబద్ధంలా కనిపిస్తుంది.

అసలు ధర్మసంకటం మాత్రం ఖర్చు దగ్గర మొదలవుతుంది.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స, మొదలైంది. ఈ మందు మొదలుపెడితే జీవితాంతం వాడాలి. చావులు తగ్గేకొద్దీ మందు వాడేవారు పెరుగుతారు, బిల్లూ పెరుగుతుంది. రోగి త్వరగా పోతే ఖజానాకు ఖర్చు మిగులుతుంది. లెక్కను దాని దారిన వదిలేస్తే తేల్చేది అదే. ఆర్థికవేత్తలు రేపటి ఆయుష్షు విలువను సాధారణంగా ఏటా 3 శాతం చొప్పున తగ్గిస్తారు. అలా చూస్తే ముప్పై ఏళ్ల తర్వాత బతికే ఏడాదికి ఇవాళ్టి ఏడాదిలో సగం విలువైనా దక్కదు. డబ్బుకైతే ఇది చెల్లుతుంది. ప్రాణానికి చెల్లదు.

చేసుకున్నవారికి చేసుకున్నంత అని ఊళ్లో తేలిగ్గా అనేస్తారు. భర్తను తప్ప మరొకరిని ఎరుగని ఇల్లాలు ఏం చేసుకుంది? పుట్టుకతోనే వైరస్ మోసుకొచ్చిన పసిబిడ్డ ఏం చేసుకుంది? కర్మ అన్న మాట ఎదుటివాడి మీద తీర్పుగా వాడేది కాదు, తన బాధ్యతను తాను గుర్తుచేసుకునేది.

ఆ బాధ్యతకు మన పెద్దలు పెట్టిన పేరు ఋణం. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం, ఇవేవీ సంతకం పెట్టి తీసుకున్న అప్పులు కావు. అయినా తీర్చాల్సిందే. మొదటి మాత్ర రోగి చేతిలో పెట్టిన రోజే సమాజం అలాంటి అప్పులో పడింది. రేపటి చికిత్స ఖర్చు అంచనా అంటే ఆ అప్పు పద్దు. అంకె అటూఇటూ అయినా బాకీ బాకీయే.

ఈ భారమూ బ్రహ్మరాత కాదు. ఏడాది మందులకు 10 వేల డాలర్లకు పైగా పలుకుతున్న రోజుల్లో, 2001 ఫిబ్రవరిలో, సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ఒక స్వచ్ఛంద వైద్య సంస్థకు వాటిని 350 డాలర్లకే ఇస్తానన్నారు. పాత ఖర్చు అంచనాలన్నీ తలకిందులయ్యాయి.

ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ సీసాలో మిగిలిన మాత్రలను బల్లమీద పోసి, ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెడతారు. ఎన్ని పూటలు తప్పాయో అక్కడ తెలుస్తుంది. ఇంట్లోవాళ్ల కంట పడకుండా సీసా మీది లేబుల్ పీకేసినవారూ ఆ వరుసలో ఉంటారు. దేశం మొత్తం అంచనా చివరికి నిలబడేది ఆ బల్ల మీదే.

ఇప్పుడు మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైనే. అంచనాలు తగ్గాయని చెప్పి వారి మందుల పద్దులో ప్రభుత్వాలు ఒక్క రూపాయి కూడా కోయకూడదు.